తాతగారి ట్రాన్సిస్టరును పలికించాలా, అలాగే ఉంచాలా?

ప్రశ్న: మాది తిరుపతి, బ్యాంకు ఉద్యోగం. నిరుడు మా తాత పోయిన తరువాత, పాకాల దగ్గరి మా ఊరి ఇంటి అటక మీద తోలు సంచిలో ఆయన ట్రాన్సిస్టరు దొరికింది. నాలుగు పెద్ద సెల్లుల సెట్టు, మన దేశంలో తయారైనదే. వెనక మూత లోపల అతికించిన సర్క్యూటు కాగితంలో ఏఎఫ్ 115, ఏఎఫ్ 117, ఏసీ 127, ఏసీ 128 అనే పేర్లు కనిపిస్తున్నాయి. సెట్టు పలకడం లేదు. వచ్చే నెల సంవత్సరీకం నాటికి దాన్ని బాగుచేయించి పాడించాలని మదనపల్లెలోని మా చిన్నాయన పట్టుబడుతున్నాడు. లోపల ఒక్క కండెన్సరు మార్చినా విలువ పోతుందని, పాత వస్తువులు సేకరించే మిత్రుడొకరు అంటున్నారు. ఈ ఏడాదిలో నేను కూడా కనబడిన పాత సెట్టునల్లా కొంటున్నాను. బీరువాలో రెండు అరలు నిండాయి, ఇంట్లో గొణుగుడు మొదలైంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒకరు ‘1954 నాటి ప్రపంచపు మొట్టమొదటి ట్రాన్సిస్టర్ రేడియో’ అంటూ పద్దెనిమిది వేలు అడుగుతున్నారు. రెండు బ్యాండ్లున్న చక్కని సెట్టు, ముందువైపు ఫోటో మాత్రమే పంపారు. ఆదివారంలోగా తేల్చమంటున్నారు. కొనమంటారా? అసలు ఈ సేకరణను ఎలా సాగించమంటారు?
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: ముందుగా నేను మీ చిన్నాయన పక్షం తీసుకుంటున్నాను. తాతగారి సెట్టును బాగుచేయించండి. మీ మిత్రుడు చెప్పినది అబద్ధం కాదు కానీ, ఆ నియమం పుట్టింది వేరే రకపు సెట్ల కోసం. కొద్ది సంఖ్యలో తయారై, ఎవరూ విప్పకుండా మిగిలిపోయి, ఆనాటి తయారీ పద్ధతికి తానే సాక్ష్యంగా నిలిచే సెట్టులో భాగాలు మార్చడం తప్పే. వేల సంఖ్యలో తయారై, చెరకు గానుగ దగ్గరా మామిడితోపు కాపలా గుడిసెలోనూ మోగి, బహుశా ఒకటికి రెండుసార్లు మెకానిక్కు చేతిలో పడి వచ్చిన సెట్టుకు ఆ మడి కట్టడంలో అర్థం లేదు. అమ్మే ఉద్దేశం లేని వస్తువుకు అంగడి విలువ తగ్గుతుందని బెంగపడవలసిన పని కూడా లేదు. అయితే బాగుచేయించడానికీ, చేతికందిన మెకానిక్కుకు అప్పగించి రావడానికీ చాలా తేడా ఉంది. కాబట్టి ఈ విషయం కొంచెం విస్తరంగా రాస్తాను.

మొట్టమొదటి జాగ్రత్త, ఉత్సాహం కొద్దీ కొత్త సెల్లులు వేసి స్విచ్చి తిప్పవద్దు. సెల్లుల గది తెరిచి, స్ప్రింగులనూ రేకులనూ చూడండి. పాత సెల్లు కారి, పచ్చగానో తెల్లగానో పేరుకొని ఉంటే, ముందు దాన్ని తీయాలి. ఆ కాలపు మామూలు జింక్ సెల్లు కారితే వచ్చేది ఆమ్ల గుణం ఉన్న పదార్థం కనుక, వంటసోడా కొద్దిగా కలిపిన నీటిలో దూది ముంచి, పిండేసి తుడవాలి. ఈమధ్య వచ్చిన ఆల్కలైన్ సెల్లు కారితే అందులోది క్షారం కనుక, దానికి నిమ్మరసమో వెనిగరో పనికివస్తుంది. రెంటిలో ఏది వాడినా చివరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బాగా ఆరనివ్వాలి. తడి సర్క్యూటు బోర్డు మీదికి పాకకూడదు. రేకు పూర్తిగా తినివేయబడి ఉంటే దాన్ని గీకి గీకి పలచన చేయడం కంటే, అదే కొలతకు కొత్త రేకు కత్తిరించి అమర్చడం మేలు.

తరువాత సెల్లుల ధ్రువాల సంగతి. మీరు రాసినవి సెట్టు లోపలి ట్రాన్సిస్టర్లనే చిన్న భాగాల పేర్లు, సెట్టుకు ఆ పేరు వచ్చింది వీటి వల్లే. ఆ పేర్లను బట్టి మీ సెట్టులోవి జెర్మేనియం అనే మూలకంతో చేసినవి, ఏసీ 127 తప్ప తక్కినవన్నీ పీఎన్పీ అనే రకం. ఇటువంటి సెట్లలో సాధారణంగా సెల్లు పాజిటివ్ వైపే చాసిస్‌కు, అంటే భాగాలు బిగించిన లోహపు చట్రానికి, కలిసి ఉంటుంది. నేటి సామాన్లలో నెగటివ్ వైపు చాసిస్‌కు ఉండడం చూసి అలవాటుపడిన కుర్ర మెకానిక్కు, ఎవరో తప్పుగా కలిపారనుకొని తీగలు తారుమారు చేస్తే, జెర్మేనియం ట్రాన్సిస్టర్లు క్షణంలో పోవచ్చు. సర్క్యూటు కాగితం మీ దగ్గర ఉండడం అదృష్టం. దాన్ని ముందుగా ఫోటో తీసి, అచ్చు వేయించి, మెకానిక్కు ముందు పెట్టండి. అసలు కాగితాన్ని మూత నుంచి ఊడదీయవద్దు.

నాలుగు సెల్లులంటే ఆరు వోల్టులు. సెట్టుకు వరుసలో కరెంటు కొలిచే మీటరు పెట్టి, శబ్దం బాగా తగ్గించి స్విచ్చి వేసినప్పుడు, ఇటువంటి సెట్టు పది నుంచి ఇరవై మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే అది కుదురుగా ఉన్నట్టే. వంద దాటి లాగుతుంటే వెంటనే ఆపి, ఎక్కడో కాలుతోందని గ్రహించాలి. అసలేమీ తీసుకోకపోతే రేకులూ స్విచ్చీ చూడాలి. కరెంటు సరిగ్గా తీసుకుంటూ కూడా మూగగా ఉంటే, చెవి ఫోను పెట్టే రంధ్రాన్ని అనుమానించండి. అక్కడి చిన్న రేకు చిలుము పట్టి స్పీకరుకు దారి తెగిపోవడం సర్వసాధారణం. ఫోను పిన్ను పదిసార్లు లోపలికీ బయటికీ ఆడిస్తే పలికిన సెట్లు ఎన్నో ఉన్నాయి. వాల్యూమ్ కంట్రోల్, బ్యాండ్ స్విచ్చి గరగరమంటే కాంటాక్ట్ క్లీనరు ఒక చుక్క చాలు. తుప్పు విప్పడానికి వాడే నూనెను మాత్రం లోపల కొట్టనివ్వకండి, అది దుమ్మును పట్టి ఉంచి కొన్నాళ్లకు మొదటికంటే ఎక్కువ కష్టం తెస్తుంది.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయంటే తప్పు ఎలెక్ట్రొలిటిక్ కండెన్సర్లలోనైనా ఉండాలి, ఏఎఫ్ వరుస ట్రాన్సిస్టర్లలోనైనా ఉండాలి. ఎలెక్ట్రొలిటిక్ కండెన్సర్లు వాడినా వాడకపోయినా ఏళ్ల తరబడిలో లోపలి ద్రవం ఎండి బలహీనపడతాయి. గొంతు పీలగా మారడం, మోటారు పడవలా దడదడమనడం, సెల్లులు కొంచెం తగ్గగానే ఈలవేయడం వాటి లక్షణాలు. వాటిని మార్చడం తప్పదు, మార్చితే పాపమూ లేదు. ఏఎఫ్ 114 నుంచి 117 వరకు ఉన్న ట్రాన్సిస్టర్ల జబ్బు మాత్రం విచిత్రమైనది. వాటి లోహపు డబ్బా లోపలి గోడ నుంచి తగరపు నూలు వంటి సన్నని మీసాలు, ఎవరూ ముట్టుకోకపోయినా, సంవత్సరాల తరబడి తమంతట తామే పెరిగి లోపలి తీగలను తాకుతాయి. తాకగానే ట్రాన్సిస్టరు చచ్చినట్టు పడిపోతుంది. ఈ రకానికి నాలుగు కాళ్లుంటాయి. నాలుగోది డబ్బాకు కలిసిన కవచపు కాలు. దాన్ని ఒక్కదాన్ని కత్తిరిస్తే చాలా సందర్భాలలో సెట్టు మళ్లీ పలుకుతుంది. ఈ సంగతి తెలియని మెకానిక్కు ట్రాన్సిస్టరునే పీకి పారేస్తాడు. కాబట్టి మీరే అతనికి మర్యాదగా గుర్తుచేయండి. ఆ ఉపాయం పారకపోతే మారకం ట్రాన్సిస్టరు కోసం చెన్నై రిచీ స్ట్రీటులో గానీ బెంగళూరు ఎస్పీ రోడ్డులో గానీ పాత సరుకు అమ్మేవారిని విచారించాలి. అటువంటిది అమర్చేటప్పుడు సోల్డరింగ్ వేడి లోపలికి పాకకుండా ట్రాన్సిస్టరు కాలిని ముక్కు పటకారుతో పట్టి ఉంచాలి. జెర్మేనియం వేడికి ఓర్చుకోదు.

ఇక ఎవరి చేతా ముట్టనివ్వకూడనిది ఒకటుంది. బోర్డు మీద చదరపు డబ్బాల్లో, నడినెత్తిన చిన్న స్క్రూ గాట్లతో కనిపించేవి ఐఎఫ్ కాయిళ్లు, ఒక స్టేషనును పక్క స్టేషన్ల నుంచి విడదీసేవి. జపాను సెట్లలో పసుపు, తెలుపు, నలుపు రంగులు వేసినవి ఇవే, ఎరుపుది ఆసిలేటరు. కర్మాగారంలో కొలతపెట్టి బిగించి, చాలాసార్లు మైనం కూడా పోసి ఉంచిన వీటిని, ‘స్టేషన్లు సరిగా రావడం లేదు, కొంచెం తిప్పి చూద్దాం’ అని ఇనుప స్క్రూడ్రైవరుతో తిప్పితే లోపలి ఫెరైట్ ముక్క విరగవచ్చు. విరక్కపోయినా, కొలత పెట్టడానికి సంకేతాన్ని పుట్టించే సిగ్నల్ జనరేటరు అనే పరికరం లేకుండా మళ్లీ స్థానానికి తేవడం కష్టం. సెట్టు ఊరికే పాడవడం కంటే, ఇలా బాగుచేయబోయి పాడవడమే ఎక్కువని నా అభిప్రాయం.

మెకానిక్కు విషయంలో మీరు అదృష్టవంతులే. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తూ కూర్చున్న అరవై దాటిన పెద్దలను కదిలిస్తే, వాళ్లలో కొందరు రేడియోతోనే వృత్తి మొదలుపెట్టినవారై ఉంటారు. అటువంటి పెద్దాయనను ‘సార్’ అనో ‘అన్నా’ అనో పిలిచి, పని జరిగేటప్పుడు పక్కన కూర్చోవడానికి అనుమతి అడగండి. తీసిన ప్రతి భాగాన్నీ పారేయకుండా కవరులో వేసి, ఎక్కడిది ఎప్పుడు తీశారో రాసి, సెట్టు వెంటే ఉంచండి. డయల్ దారం తెగి ఉంటే, విప్పే ముందు అది ఏ చక్రం చుట్టూ ఎన్ని చుట్లు తిరిగి ఎటు పోతుందో కాగితం మీద గీసుకోండి. పాత ఎలెక్ట్రొలిటిక్ కండెన్సరు డబ్బాను తొలిచి, అందులో నేటి చిన్న కండెన్సరును దాచి, బయటికి ఆనాటి రూపమే కనిపించేలా చేసే ఓపికమంతులు కూడా ఉన్నారు. కానీ సంవత్సరీకానికి నెల కూడా లేదు కనుక మీరు ఆ పనికి పూనుకోవద్దు. ఎవరైనా ఎప్పుడైనా వెనక్కి మార్చగలిగేలా ఉంటే చాలు, మీ మిత్రుడి అభ్యంతరానికి జవాబు చెప్పినట్టే.

బాగైన సెట్టు ఏమి పలుకుతుందన్నది వేరే ప్రశ్న. చిన్నాయన ఆశపడుతున్నట్టు సంవత్సరీకం నాడు అందరూ చుట్టూ కూర్చున్నప్పుడు ఒక్క గరగర శబ్దమే వినబడితే, నెపం మెకానిక్కు మీదికి పోతుంది. తాతగారి సెట్టులో మీడియం వేవూ, బహుశా షార్ట్ వేవూ ఉండి ఉంటాయి గానీ ఎఫ్ఎం ఉండదు. మన దేశంలో ఎఫ్ఎం ప్రసారం మొదలైందే 1977లో, మదరాసులో. కాబట్టి తిరుపతి ఎఫ్ఎం అందులో రాదు. మీడియం వేవు మీద కడప 900, విజయవాడ 837, హైదరాబాదు 738, మదరాసు 720, బెంగళూరు 612 కిలోహెర్ట్జ్ దగ్గర వెదకాలి. పగటిపూట మీ వైపు దగ్గరివే అందుతాయి, పొద్దుగూకిన తరువాత దూరపువి లేచి వస్తాయి. అయితే ఆకాశవాణి తన మీడియం వేవ్, షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఈ ఏళ్లలో వరుసగా తగ్గించుకుంటూ వచ్చింది. అందువల్ల మీడియం వేవు ఉన్న చిన్న కొత్త రేడియో ఒకటి అరువు తెచ్చి, ఏ స్టేషను ఏ వేళకు వస్తున్నదో ముందుగా చూసుకోండి. కొత్తదానిలోనూ రానిది పాతదానిలో రాలేదని బాధపడకూడదు. మరొక మాట. ఇంట్లో ఎల్ఈడీ బల్బులూ, ఫోన్ చార్జర్లూ, ఇన్వర్టరూ మీడియం వేవుకు పగవాళ్లు. సెట్టును మిద్దె మీదికి తీసుకుపోండి, లేదా ఆ గంటసేపు వాటిని ఆపేయండి. సెట్టును నిలువుగా ఉంచి మెల్లగా చుట్టూ తిప్పితే ఒక వైపు శబ్దం పెరుగుతుంది, లోపలి ఫెరైట్ కడ్డీ ప్రసారానికి అడ్డంగా వచ్చిన దిక్కు అదే. పాకాలలో పాడించేట్టయితే తిరుపతిలో కంటే బాగా పాడుతుంది, పల్లెలో ఈ విద్యుత్తు రొద తక్కువ.

సేకరణ విషయానికి వస్తే, కనబడిన సెట్టునల్లా కొనడం మానేయమని నా సలహా. పాత సెట్లకు అంతం లేదు. జపాను ఒక్కటే 1950ల చివర నుంచి ప్రపంచమంతటికీ లక్షల కొద్దీ పంపింది. అక్కడి సోనీ కంపెనీ 1957లో టీఆర్-63 అనే జేబు సెట్టు తెచ్చినప్పుడు, అది మామూలు చొక్కా జేబులో పట్టకపోతే, అమ్మకందార్లకు పెద్ద జేబుల చొక్కాలు కుట్టించారని ఆ కంపెనీ స్థాపకులలో ఒకరైన అకియో మొరిటా చెప్పుకున్నారు. ఇటువంటి కథలున్న విదేశీ సెట్ల వెంట పడితే మీ జీతం చాలదు, పైగా అదే సేకరణ టోక్యోలోనూ షికాగోలోనూ మీకంటే బాగా చేసేవాళ్లున్నారు. వాళ్లెవరూ చేయలేనిది, మీరు మాత్రమే చేయగలిగినది ఒకటుంది. చిత్తూరు జిల్లా ఇళ్లలో వాడిన ట్రాన్సిస్టర్లను, అవి వచ్చిన దారులతో సహా సేకరించవచ్చు. కొత్తగా విడిపోయిన జిల్లాల గీతలు ఇందులో పట్టించుకోకండి.

ఆ దారులు ఎంత రకరకాలుగా ఉంటాయో చూడండి. తమిళనాడు సరిహద్దు పల్లెల్లో మదరాసు బర్మా బజారులో కొన్న విదేశీ సెట్లు దొరకవచ్చు. పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు ఇళ్లలో కువైట్ నుంచి సెలవుకు వచ్చినవాళ్లు తెచ్చిన జపాను సెట్లుంటాయి. పట్టు, మామిడి, పాల వ్యాపారం బాగా సాగిన ఇళ్లలో ఫిలిప్స్, మర్ఫీ, బుష్, నెల్కో వంటి పేర్లతో మన దేశంలో తయారైన సెట్లు ఉండి ఉంటాయి. తరువాతి కాలానివి కేరళ ప్రభుత్వ సంస్థ కెల్ట్రాన్ తయారుచేసినవి కావచ్చు. ఇలా ఒక ఇరవై సెట్లు, ఒక్కొక్కటి ఎవరు ఎప్పుడు ఎక్కడ కొన్నారో, ఏమి వినేవారో రాసిన పుటతో కలిసి ఉంటే, వంద విదేశీ సెట్ల కంటే అది నాకు ఎక్కువ గౌరవనీయమైన సేకరణ. గుజిరీ అంగట్లో సెట్టు కొన్నప్పుడు కూడా ‘ఇది ఏ ఊరి నుంచి వచ్చింది?’ అని అడిగి, చెప్పినది రాసుకోండి. అంగడివాడికి తెలియకపోతే సెట్టు మీది గుర్తులే చదవాలి. ఈ చదవడంలోనే నిజమైన ఆనందం ఉంది.

డయలు మీద అంకెల పక్కన కిలోసైకిళ్లు, మెగాసైకిళ్లు అని సంకేతాలుంటే సెట్టు బహుశా 1970లకు ముందుది. హెర్ట్జ్ అన్న కొలమానాన్ని 1960లో అంతర్జాతీయంగా స్వీకరించినా, డయళ్ల మీదికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అమెరికాలో అమ్మకానికి తయారైన సెట్టయితే, 640, 1240 అంకెల దగ్గర చిన్న త్రికోణపు గుర్తులుంటాయి. శత్రువు దాడి జరిగితే ప్రజలు ఏ చోట వినాలో తెలిపే పౌర రక్షణ ఏర్పాటు అది. 1963లో ఆ పద్ధతి తీసివేశారు కనుక, ఆ గుర్తులున్న సెట్టు సామాన్యంగా అంతకు ముందుదే. ‘ఎంపైర్ మేడ్’ అని వెనుక అచ్చుంటే బ్రిటన్ గొప్పదనమేమీ కాదు, హాంకాంగ్ సరుకు. ఎఫ్ఎం బ్యాండు 76 నుంచి 90 దాకా మాత్రమే ఉంటే అది జపాను వాళ్లు తమ దేశంలో వాడుకునేందుకు చేసుకున్నది, మన ఎఫ్ఎం స్టేషన్లలో చాలా భాగం దానికి అందవు. కండెన్సర్ల మీదా స్పీకరు వెనకా అచ్చయిన నెల, సంవత్సరం కనబడితే సెట్టు అంతకంటే పాతది కాదని తేలిపోతుంది, అయితే ఆ భాగం తరువాత మార్చినది కాదని ముందు నిర్ధారించుకోవాలి. ముందు భాగంలో గర్వంగా రాసిన ట్రాన్సిస్టర్ల సంఖ్యను మాత్రం అంతగా నమ్మకండి. 1960లలో సంఖ్య ఎక్కువుంటే ఎక్కువ అమ్ముడవుతుందని, ఏ పనీ చేయని ట్రాన్సిస్టర్లను కూడా బోర్డు మీద బిగించి ‘పది’, ‘పద్నాలుగు’ అని ప్రకటించుకున్న తయారీదార్లు ఉన్నారు. వ్యాపారం ఏ కాలంలోనైనా వ్యాపారమే కదా.

అదే విధంగా, పాత సెట్లలో నల్లని రంగు పూసిన గాజు గొట్టం వంటి ఓసీ 71 ట్రాన్సిస్టరు కనబడితే ఆ రంగును గీకవద్దు. వెలుతురు పడితే దాని పనితీరు మారిపోతుంది. ఆ గుణాన్నే ఉపయోగించుకొని ఓసీపీ 71 అనే వెలుతురును గుర్తించే రకాన్ని తయారుచేసి అమ్మారు.

సెట్లతో సమానంగా మీరు వెదకవలసినది లైసెన్సు పుస్తకాలను. ఆ రోజుల్లో రేడియో ఇంట్లో ఉంచుకోవాలంటే 1933 నాటి చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి, పుస్తకంలో స్టాంపులు అంటించుకుని రావాలి. 1980ల నడుమ ఆ పద్ధతిని ఎత్తివేసిన తరువాత పుస్తకాలను చాలామంది పారేశారు. యజమాని పేరు, ఊరు, ఏ పోస్టాఫీసు ముద్ర, ఏ ఏళ్లు కట్టారు అన్న వివరాలున్న ఒక చిన్న పుస్తకం, తాతగారు రేడియో ఎప్పుడు కొన్నారన్న ప్రశ్నకు చిన్నాయన జ్ఞాపకం కంటే గట్టి ఆధారమవుతుంది. పాత ట్రంకు పెట్టెలో భూమి కాగితాల మధ్య వెదకండి. రసీదులు దాచే అలవాటున్న ఇళ్లలో అక్కడే ఉంటుంది. అవ్వగారు ఉన్నట్టయితే, సంవత్సరీకానికి ముందే ఆమె దగ్గర కూర్చుని అడగవలసినవి అడగండి. సిలోను రేడియో పాటలు ఏ వేళకు వినేవారు, 1971 యుద్ధం వార్తలకు ఇంటి ముందు ఎంతమంది చేరేవారు, సెల్లులు ఎండలో ఆరబెట్టి మళ్లీ వాడేవారా అన్నవి వినాలి. సెట్టును ఎప్పుడైనా బాగుచేయించవచ్చు, వీటికి అంత వ్యవధి లేదు.

ఇక బీరువా అరలు. ఇంట్లో వాళ్ల గొణుగుడు న్యాయమైనదేనని నేను అనుకుంటున్నాను. ఒకే అరకు పరిమితం చేసుకుని, కొత్తది వస్తే ఉన్నవాటిలో ఒకటి ఎవరికైనా ఇవ్వాలన్న నియమం పెట్టుకోండి. అదే మీ సేకరణను కూడా బాగుచేస్తుంది. ఏది ఇవ్వడానికి మనసొప్పుతుందో దాన్ని అసలు కొనవలసింది కాదని మీకే తెలుస్తుంది. దాచేటప్పుడు సెల్లులు బయటికి తీయండి, ‘నెలకొకసారి పెడతాను కదా’ అని లోపల వదలకండి. మన ఇళ్లలో చీరల మధ్య వేసే కలరా ఉండలు రేడియోలున్న అరలో అసలు ఉండకూడదు. చాలా సెట్ల పెట్టెలు పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్కువి, నాఫ్తలీన్ ఆవిరికి అవి మెత్తబడి జిగురవుతాయి. తళతళ మెరిపించాలని థిన్నరు, పెట్రోలు, గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడితే పెట్టె కరిగి చేతికంటుతుంది. సబ్బు నీటిలో పిండిన మెత్తని గుడ్డే చాలు. పీవీసీ తీగ లేదా పట్టీ పెట్టెకు ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే, దాని నుంచి ఊరే నూనె ప్లాస్టిక్కులో గాడి పెడుతుంది. అందుచేత పట్టీని విడిగా ఉంచండి. తోలు సంచిని సెట్టుకు తొడిగి బీరువాలో పెట్టడం కూడా మంచిది కాదు, వానాకాలంలో అది తేమ పట్టి లోపలి రేకులకు చిలుము తెస్తుంది. లోపల స్పీకరు చుట్టూ ఉన్న స్పాంజి జిగురులా మారి ఉంటే దాన్ని తీసివేయవలసిందే. మిద్దె మీది గదిలో, ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర, మన వైశాఖ జ్యేష్ఠాలలో ప్లాస్టిక్కు వంకర పోవడం ఖాయం.

ఏదైనా సెట్టు విప్పగానే ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులు కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. బ్యాటరీతో నడిచే వాల్వు సెట్లకు 90 వోల్టుల బ్యాటరీ కట్టలుండేవి. కరెంటుకు నేరుగా పెట్టే రకాల్లో కొన్నిటి చాసిస్‌కే కరెంటు తగులుతుంది. అవి వేరే చదువు, వేరే జాగ్రత్త.

మిగిలింది పద్దెనిమిది వేల సెట్టు. ప్రపంచంలో మొట్టమొదట అంగట్లోకి వచ్చిన ట్రాన్సిస్టర్ రేడియో అమెరికా వారి రీజెన్సీ టీఆర్-1. 1954 అక్టోబరులో ప్రకటించి, 49 డాలర్ల 95 సెంట్లకు అమ్మారు. అందులో నాలుగే ట్రాన్సిస్టర్లు, ఒకే ఒక్క మీడియం వేవ్ బ్యాండు, 22.5 వోల్టుల ప్రత్యేకమైన బ్యాటరీ. అరచేతిలో పట్టేంతటి, సుమారు అయిదు అంగుళాల ఎత్తు, మూడు అంగుళాల వెడల్పు పెట్టె. మీకు చూపిన దానికి రెండు బ్యాండ్లున్నాయి కనుక అది టీఆర్-1 కాదు. ఈ ఒక్క విషయంతోనే అమ్మేవారి ప్రకటన కూలిపోయింది. తెలియక చెప్పి ఉండవచ్చు, వాళ్లను మోసగాళ్లనడం తొందరపాటు. సెట్టు చక్కనిదే అయితే, దాన్ని దానిగానే విలువ కట్టి కొనవచ్చు. అమ్మేవారిని మూడు ఫోటోలు అడగండి. వెనక మూత తెరిచినప్పటి బోర్డు, సెల్లుల గది, దగ్గరగా తీసిన డయలు. ఇవి పంపినవాళ్లతో బేరం మాట్లాడండి, మీరు బాగుచేయించవలసిన సెట్టుకు ఇచ్చే ధరే చెప్పండి, పని చేస్తున్నదన్న మాటకు అదనంగా ఏమీ ఇవ్వకండి. బోర్డు ఫోటో పంపడానికి వెనకాడి, ఆదివారం గడువునే గుర్తుచేస్తుంటే, ఆ ఆదివారాన్ని గడిచిపోనివ్వండి. ఆ డబ్బులో కొంత భాగంతో పెద్దాయన మెకానిక్కు కూలీ, నాలుగు మంచి సెల్లులు, ఒక చిన్న మీటరు కొని తాతగారి సెట్టు పని మొదలుపెట్టండి. గడువు తక్కువ కనుక ఈ వారమే చూపించండి, మారకం ట్రాన్సిస్టరు అవసరమైతే చెన్నై వెళ్లి రావడానికి కూడా సమయం మిగలాలి.